దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినాయన పర్యాటకుడా?

జగిత్యాల జిల్లాలో ఒక ఊరు అనుకుందాం. ఆ ఊరి మనిషి పన్నెండేళ్లుగా దుబాయ్‌లో తాపీ పని చేస్తున్నాడు. చెల్లె బిడ్డ పెళ్లికని నలభై రోజుల సెలవు పెట్టి వచ్చాడు. శంషాబాద్‌లో దిగి ఇంటికి పోయాడు. పెళ్లి జరిపించి, కొండగట్టు అంజన్నకు మొక్కు చెల్లించి మళ్లీ విమానం ఎక్కాడు. ఆయనను ఊళ్లో ఎవరూ పర్యాటకుడు అనరు. కానీ మన దేశపు పర్యాటక లెక్కల్లో ఆయన ఒక అంకె. 'అంతర్జాతీయ పర్యాటకుల రాకలు' అనే పద్దులో విదేశీయులతో పాటు, విదేశాల్లో ఉంటూ ఇంటికి వచ్చిపోయే భారతీయులను కూడా కలుపుతారు.

ఇదే మనిషి మొదటిసారి దేశం దాటినప్పుడు ఏజెంటు ఆయనను విజిట్ వీసా మీద పంపాడనుకోండి. ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇది కొత్త సంగతి కాదు. అప్పుడు అక్కడి రికార్డులోనూ ఆయన చూడటానికి వచ్చినవాడే. పని వెతుక్కుంటూ పోయినప్పుడూ పర్యాటకుడే, సొంత ఇంటికి వచ్చినప్పుడూ పర్యాటకుడే.

2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి వరంగల్, ములుగు వైపు పర్యాటకం గురించిన మాట ఎక్కువైంది. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీదారులు వచ్చి వెళ్లారు. 2026 జనవరి 28 నుంచి 31 వరకు మేడారం సమ్మక్క-సారలమ్మల మహాజాతర. ప్రతిసారీ అవే రెండు మాటలు వినిపిస్తాయి: పర్యాటకం వస్తే ఊరు బాగుపడుతుందని కొందరు, ఊరు చెడుతుందని కొందరు. ఇద్దరూ ఏ లెక్కతో అంటున్నారో చూడాలంటే, ఈ విషయం మీద యాభై ఏళ్లుగా సాగుతున్న పరిశోధన ఏ మాటను ఏ అర్థంలో వాడుతుందో ముందు తెలియాలి.

ఊరు దాటాలి, జీతం తీసుకోకూడదు

ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ నిర్వచనం చూడ్డానికి సులువుగానే ఉంటుంది. మనిషి తన రోజువారీ పరిసరాలు దాటి వెళ్లాలి. ఏడాదికి లోపు ఉండాలి. వెళ్లినచోట ఎవరి దగ్గరా జీతానికి పని చేయకూడదు. ఈ మూడూ కుదిరితే అతను సందర్శకుడు. ఒక్క రాత్రయినా అక్కడ ఉంటే పర్యాటకుడు, పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరితే ఒకరోజు సందర్శకుడు.

ఎందుకు వెళ్లాడన్నది ఇక్కడ అడ్డు రాదు. మొక్కు, పెళ్లి, ఆసుపత్రి, వ్యాపారం, చుట్టపుచూపు, ఏదైనా సరే. మన వాడుకలో 'టూరిస్టు' అంటే మెడలో కెమెరా వేసుకుని లక్నవరం వేలాడే వంతెన మీద ఫొటో దిగే మనిషి. లెక్కలో మాత్రం ఎంజీఎం ఆసుపత్రిలో పడుకున్న తమ్ముణ్ణి చూడటానికి మహదేవ్‌పూర్ నుంచి వచ్చి హన్మకొండలో అక్క ఇంట్లో రెండు రాత్రులు ఉన్న రైతు కూడా పర్యాటకుడే. కాబట్టి 'పర్యాటకులు ఇంతమంది పెరిగారు' అనే వార్త చదివినప్పుడు అందులో సరదాకు తిరిగినవాళ్లే ఉన్నారనుకోవడం పొరపాటు. మన దేశంలో జరిగే ప్రయాణాల్లో చుట్టాల కోసం, దేవుడి కోసం చేసేవే పెద్ద భాగం.

'రోజువారీ పరిసరాలు' అన్నచోట చిక్కు మొదలవుతుంది. కాజీపేటలో రైలెక్కి రోజూ సికింద్రాబాద్ పోయి వచ్చే ఉద్యోగికి నూట ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న ఆఫీసు రోజువారీ పరిసరమే. ఏజెన్సీ ఊళ్లో ఉండే కోయ ముసలమ్మకు ములుగు సంత కూడా దూరదేశమే కావచ్చు. ఒకే కొలతతో ఈ ఇద్దరినీ కొలవలేం.

తలలు వేరు, రాకలు వేరు

కరీంనగర్ నుంచి ఐదుగురి కుటుంబం మేడారానికి బయల్దేరిందనుకుందాం. మేడారం పోయేముందు వేములవాడ రాజన్నను దర్శించుకోవడం ఇక్కడివాళ్ల ఆనవాయితీ. వాళ్లు వేములవాడలో ఒక రాత్రి ఉన్నారు. రెండ్రోజుల తర్వాత మేడారం పోయారు. వచ్చేటప్పుడు దారే కదా అని లక్నవరం, రామప్ప చూసుకుని ఇంటికి చేరారు.

ఒక్కోచోట ఐదుగురు చొప్పున నాలుగు చోట్ల కలిపి ఇరవై రాకలు. మనుషులు మాత్రం ఐదుగురే. రాష్ట్రం మొత్తానికి ఏడాది చివర ఒక అంకె తయారైతే అందులో ఈ కుటుంబం ఇరవైగా చేరే అవకాశం ఉంది. ఇందులో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. కొలిచేది రాకలను. చదివేవాళ్లం దాన్ని తలలుగా చదువుకుంటున్నాం.

జాతర లెక్కలో ఇంకో మెలిక ఉంది. మేడారంలో టికెట్టు లేదు, గేటు లేదు. జనం కోటి దాటారని ప్రతి మహాజాతరకూ చెప్తుంటారు. బస్సుల ట్రిప్పులు, పార్కింగులో నిలిచిన బండ్లు, గద్దెల (అమ్మలను నిలిపే వేదికల) దగ్గర గంటకు ఎంతమంది కదులుతున్నారన్న అంచనా, ఇట్లాంటివాటిని కలిపితేనే ఏ అంకె అయినా వస్తుంది. నాలుగు రోజులూ గుడారం వేసుకుని ఉన్న మనిషి రోజుకోసారి గద్దెల దగ్గరికి పోతే నాలుగు తలలయ్యే ప్రమాదం ఉంది. అడవి దారిన ఎడ్లబండి మీద వచ్చిన కుటుంబం ఏ లెక్కకూ అందకపోయే అవకాశమూ ఉంది. అందుకే పరిశోధకులు తలల లెక్క ఒక్కదాన్నే నమ్ముకోరు. ఇంటింటికీ పోయి 'ఈ ఏడాది ఎటెటు పోయారు, ఎన్ని రాత్రులు ఉన్నారు, ఎంత ఖర్చయింది' అని అడిగే సర్వేలు పక్కన పెట్టుకుంటారు. మన దేశంలో జాతీయ నమూనా సర్వే సంస్థ 2008-09లోనూ, 2014-15లోనూ ఇట్లాంటి సర్వేలు చేసింది.

పది వేలలో ఊళ్లో మిగిలేది ఎంత

'జాతరతో కోట్ల వ్యాపారం' అనే మాటను విడదీసి చూద్దాం. ఇక్కడి అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవే.

అదే కరీంనగర్ కుటుంబం మేడారం ప్రయాణానికి 10,000 రూపాయలు ఖర్చు పెట్టింది. కారు కిరాయి, డీజిల్ కలిపి 3,500. కోళ్లు, మేక వాటా 2,000. బంగారం 1,500 (బయటి ఊళ్లవాళ్ల కోసం చెప్తున్నా, మేడారంలో బంగారం అంటే బెల్లం. మొక్కుకున్నవాళ్లు తమ బరువుకు సరితూగే నిలువెత్తు బంగారం అమ్మలకు ఇస్తారు). గుడిసె కిరాయి, కట్టెలు, నీళ్లు 1,200. టీ, టిఫిన్లు 1,000. గాజులు, పిల్లల బొమ్మలు 800.

కారు కరీంనగర్‌ది. బెల్లం తాడ్వాయి అడవిలో పండదు, లారీల్లో వస్తుంది, అమ్మేవాళ్లలోనూ ఎక్కువమంది బయటివాళ్లే. కోళ్లను టోకుగా తెచ్చే వ్యాపారి పట్నం నుంచి వస్తాడు. గుడిసె, కట్టెల 1,200 స్థానిక కుటుంబానికి చేరిందనుకుందాం. కోళ్లలో 200, టీ టిఫిన్లలో 300, దుకాణం జాగా కిరాయి రూపంలో 100 ఊళ్లో పడిందనుకుందాం. మొత్తం 1,800. పది వేలలో 8,200 అక్కడి మట్టిని తాకకుండానే వెళ్లిపోయింది. దీన్నే ఆర్థికవేత్తలు 'లీకేజీ' అంటారు. కుండకు చిల్లి ఉన్నట్టు.

మిగిలిన 1,800కూ ఒక జీవితం ఉంటుంది. ఆ కుటుంబం అందులో సగం, 900, ఊళ్లోనే కిరాణా దుకాణంలోనో, కూలికో ఖర్చు పెడితే, అందుకున్నవాళ్లు అందులో సగం మళ్లీ ఊళ్లోనే ఖర్చు పెడితే, 1,800, 900, 450 అలా పోయి పోయి దాదాపు 3,600 అవుతుంది. దీన్ని 'మల్టిప్లయర్' అంటారు. ఊళ్లో కొనడానికి ఏమీ దొరక్క ఆ డబ్బంతా హన్మకొండ చౌరస్తాలోనే ఖర్చయితే ఈ పెరుగుదల ఊరికి దక్కదు. ఎంతమంది వచ్చారన్నదాని కన్నా చిల్లి ఎంత పెద్దదన్నది ముఖ్యమని పర్యాటక ఆర్థిక శాస్త్రం పదే పదే చెప్పే మాట. చిన్న హోటళ్లు, ఇంట్లో వసతి, స్థానిక సరుకు ఉన్నచోట చిల్లి చిన్నది. పెట్టుబడి బయటిదైనచోట పెద్దది.

ఏజెన్సీలో దీనికి చట్టం కోణం కూడా ఉంది. తాడ్వాయి, ఏటూరునాగారం, వాజేడు వైపు ఐదో షెడ్యూలు ప్రాంతం, అంటే గిరిజనులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన చోటు. 1970 నాటి భూబదలాయింపు నిబంధన, అందరూ '1/70' అని పిలిచేది, అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోవడాన్ని నిషేధిస్తుంది. బయటి పెట్టుబడి రాకుండా ఇదే అడ్డమని వ్యాపారం వైపు నుంచి వినిపించే వాదన. ఇది లేకుంటే రోడ్డు పక్క భూమి ఒక్క తరంలో చేతులు మారి, కోయలు తమ జాతరలోనే కూలీలుగా మిగులుతారన్నది ఎదుటి వాదన. నాకు రెండోది బలంగా కనిపిస్తుంది. భూమి పోయినవాడికి మల్టిప్లయర్ ఎంత వచ్చినా అందుకునే చేయి ఉండదు. అయితే మొదటి వాదనలోనూ ఒక నిజం ఉంది. చట్టం భూమిని కాపాడుతుంది కానీ కోయ యువకుడి చేతికి పెట్టుబడి ఇవ్వదు. అతని జాగాలో అతని పేరు మీద బయటివాడే దుకాణం నడిపితే చిల్లి చిల్లిలాగే ఉంటుంది.

ఆతిథ్యం ఇచ్చేవాళ్ల ఓపిక

డబ్బు తర్వాత మనుషుల సంగతి. 1975లో డాక్సీ అనే పరిశోధకుడు ఒక మెట్ల వరుస చెప్పాడు. కొత్తవాళ్లు రావడం మొదలవగానే ఊరికి సంబరం. కొన్నాళ్లకు అలవాటై పట్టింపు ఉండదు. తర్వాత చిరాకు. చివరకు శత్రుత్వం. 1980లో బట్లర్ ఇంకో గీత గీశాడు: ఒక చోటును ఎవరో కనుగొంటారు, స్థానికులు టీకొట్టు పెడతారు, పెద్ద పెట్టుబడి వస్తుంది, రద్దీ అంచుకు చేరుతుంది, ఆ తర్వాత పతనమో, కొత్త ఊపిరో.

వాజేడు మండలంలోని బొగత జలపాతాన్ని ఈ గీత పక్కన పెట్టి చూడొచ్చు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకే తెలిసిన నీళ్ల చప్పుడు అది. ఏటూరునాగారం దాటాక ముళ్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన పడ్డాక దూరం ఒక్కసారిగా తగ్గిపోయింది. ఇప్పుడు వానాకాలం ఆదివారాల్లో కార్ల వరుస. టికెట్టు, పార్కింగు, మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మేవాళ్లు, నీళ్లు పోటెత్తితే లోపలికి పోనివ్వని అటవీ సిబ్బంది. బట్లర్ గీతలోని మూడో మెట్టు దాకా సరిగ్గానే సరిపోతుంది.

కానీ ఈ సిద్ధాంతాలు ఊరంతా ఒకే మనిషి అన్నట్టు మాట్లాడతాయి. ఆదివారం రద్దీ కంకులు అమ్మే ఆమెకు బతుకుదెరువు. అదే రద్దీలో ఆమె మరిది ఎడ్లను రోడ్డు దాటించలేక చిరాకు పడతాడు. ఒకే ఇంట్లో రెండు మెట్లు. తర్వాతి పరిశోధకులు అందుకే ఇచ్చిపుచ్చుకోవడం వైపు నుంచి చూశారు. ఎవరికి లాభం ముడతుందో వాళ్లకు నష్టం చిన్నగా కనిపిస్తుంది, ఎవరికి ముట్టదో వాళ్లకు పెద్దగా కనిపిస్తుంది అని వాళ్ల లెక్క. ఇదీ పూర్తి కాదు. మేడారంలో కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను గద్దెల మీదికి తెచ్చేది లాభనష్టాలు చూసుకుని కాదు. అక్కడ ఆతిథేయులు అనే మాట కూడా సరిపోదు. అది వాళ్ల ఇలవేల్పుల ఇల్లు. మనమే వాళ్ల గడప తొక్కుతున్నాం.

మానవ శాస్త్రవేత్త విక్టర్ టర్నర్ యాత్రల మీద చెప్పిన మాట జాతరకు దగ్గరగా ఉంటుంది. యాత్రలో మనుషులు తమ హోదాలను కొంతసేపు పక్కనపెట్టి ఒకరితో ఒకరు కలిసిపోతారని ఆయన వాదన. జంపన్న వాగులో మునిగి తలల మీద బెల్లం ముద్దలతో కదిలే జనాన్ని చూస్తే అది నిజమే అనిపిస్తుంది. అన్ని కులాలవాళ్లూ ఒక గిరిజన వేల్పు ముందు చేతులు జోడించే చోటు అది. తర్వాత వచ్చిన పరిశోధకులు టర్నర్ మాటను ఒప్పుకోలేదు. యాత్రాస్థలం రకరకాల పెత్తనాలు పోటీపడే చోటు కూడా అన్నారు. వీఐపీ పాసుల వరుస పక్కన చంటిపిల్లతో గంటల తరబడి నిలబడ్డ తల్లిని చూస్తే అదీ నిజమే. ఈ రెండూ ఒకే రోజు, ఒకే గద్దెల ముందు జరుగుతాయి.

చూసేది ఎవరు, కనబడేది ఎవరు

బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త జాన్ అరీ 1990లో 'పర్యాటకుడి చూపు' అనే ఆలోచన తెచ్చాడు. మనం ఒక చోటుకు పోకముందే అక్కడ ఏం చూడాలో ఫొటోలు, ప్రకటనలు నేర్పిపెడతాయి. పోయాక ఆ ఫొటోలో ఉన్నదాన్నే వెతుకుతాం. రామప్పకు వచ్చే చాలామంది 1213 నాటి ఆ గుడి చుట్టూ తిరిగి, మదనికల (నాట్యగత్తెల శిల్పాల) ముందు ఫొటో దిగి, నీళ్లలో తేలే ఇటుక కథ విని వెళ్లిపోతారు. పక్కనే ఉన్న రామప్ప చెరువు గుడితో పాటు కట్టించింది, ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. ఆ కట్ట మీదికి పోయేవాళ్లు తక్కువ. కాకతీయులు గుడిని, చెరువును, ఊరిని విడివిడిగా తలచలేదు. మన చూపు గుడిని ఒక్కదాన్నే కత్తిరించుకుంది.

2025 మే 14న మిస్ వరల్డ్ పోటీదారులు రామప్పకు వచ్చినప్పుడు స్థానిక మహిళలు వాళ్ల కాళ్లకు నీళ్లు పోసి తుడిచిన దృశ్యాల మీద పెద్ద చర్చ నడిచింది. గుడిలోకి పోయేముందు కాళ్లు కడుక్కోవడం మన పద్ధతి, ఇంటికి వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వడం మర్యాద అని ఒక పక్షం. చెంబుతో నీళ్లివ్వడం వేరు, కెమెరాల ముందు వంగి తుడవడం వేరు, అది మన ఆడవాళ్ల గౌరవానికి సంబంధించిన విషయమని ఇంకో పక్షం. పరిశోధన భాషలో చెప్తే, ఇంట్లో ఇద్దరి మధ్య జరిగే మర్యాద వేదిక మీదికి ఎక్కినప్పుడు దాని అర్థం మారుతుంది. డీన్ మెకానెల్ 1973లోనే దీనికి పేరు పెట్టాడు, వేదికెక్కిన అసలుదనం అని.

ఆదిలాబాద్ రాజ్‌గోండుల గుస్సాడీ నాట్యం దీనికి ఇంకా లోతైన ఉదాహరణ. దీపావళి ముందు రోజుల్లో దండారీ బృందాలు ఊరి నుంచి ఊరికి పోతాయి. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ కొన్ని నియమాలు పాటిస్తాడు, ఎదుటి ఊరు ఆతిథ్యమిస్తుంది, సంబంధాలు కలుస్తాయి. అదే నాట్యం సభలో మంత్రిగారు వచ్చే ముందు ఐదు నిమిషాలు ఆడితే మిగిలేది టోపీ, అడుగు. ఇది సంస్కృతిని సరుకు చేయడమని కొందరు పరిశోధకులు గట్టిగా అన్నారు. ఎరిక్ కోహెన్ మాత్రం తొందరపడొద్దన్నాడు. బయటివాళ్ల కోసం మొదలైనది కూడా కాలం గడిచాక ఆ సమూహానికి సొంతమైపోవచ్చు, కొన్నిసార్లు ఆగిపోబోయే కళను అదే నిలబెట్టవచ్చు అని ఆయన మాట.

చేర్యాల నకాషీ బొమ్మలు కోహెన్ వైపు సాక్ష్యం చెప్తాయి. కూనపులివాళ్లు పద్మశాలీలకు, గౌడజెట్టివాళ్లు గౌడ్లకు, డక్కలివాళ్లు మాదిగలకు కులపురాణం చెప్పడానికి గజాల పొడవు పటాలు గీయించుకునేవాళ్లు. కథ చెప్పించుకునేవాళ్లు తగ్గాక పొడవు పటాలకు గిరాకీ పోయింది. ఇవాళ అదే కుంచె గోడకు పెట్టుకునే చిన్న ఫ్రేములు, మాస్కులు గీస్తోంది. కథ ముక్కలైంది, చేయి మాత్రం బతికింది. దీన్ని నష్టమనాలో, లాభమనాలో ఒక్క మాటలో తేల్చలేం.

రాకపోకలు అనే పెద్ద మాట

2006 ప్రాంతంలో అరీ, మిమీ షెల్లర్ కలిసి పర్యాటకాన్ని ఒంటరిగా చూడటం మానేద్దామన్నారు. సెలవుకు పోవడం, కూలికి పోవడం, రోజూ ఆఫీసుకు పోవడం, తరిమివేయబడటం, సరుకు పోవడం, వార్త పోవడం, ఇవన్నీ ఒకే వలలోని దారాలు. ఒకరు కదలడానికి ఇంకెవరో కదలకుండా ఉండాల్సి వస్తుంది. దీన్ని వాళ్లు 'మొబిలిటీ' అన్నారు. పుస్తకాల్లో 'చలనశీలత' అని రాస్తున్నారు. మన మాటలో రాకపోకలు.

పోయిన వానాకాలంలో నేను హన్మకొండ నుంచి ములుగు పోయే బస్సులో ఉన్నాను. పక్క సీట్లో డెబ్బై దాటినట్టున్న అవ్వ. ఒళ్లో గుడ్డసంచి, అందులోంచి కొబ్బరికాయ పీచు బయటికి కనిపిస్తోంది. కండక్టరు జీరో టికెట్టు చించి ఇస్తే దాన్ని మడిచి కొంగుకు ముడేసుకుంది. ఆ కాగితంతో ఇక పనేముందని అడిగితే, "ఉండనియ్ బిడ్డా, నా పేరు మీద ఇచ్చిన టికెట్టు" అంది. ఎక్కడికని అడిగాను. "రామప్పకు. అరవై ఏండ్ల సంది ఇంటున్న, సూడలే. దూరమని కాదు. పైసలు ముసలాయన జేబుల ఉంటుండె."

టికెట్టు మీద ఆమె పేరు లేదు. దాని మీద ఉన్నది సున్నా. ఆమె దాన్ని తన పేరు మీద వచ్చినదానిగా చదువుకుంది. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పర్యాటక లెక్కకు ఇది రాకల పెరుగుదల. రాకపోకల పరిశోధనకు ఇది ఇంకో ప్రశ్న: ఒక మనిషి కదలాలంటే దారి, బండి ఉంటే చాలా, అడగకుండా బయల్దేరే వీలు కూడా ఉండాలా? రామప్ప ఆమెకు ఎప్పుడూ డెబ్బై కిలోమీటర్ల దూరమే. మారింది కిలోమీటర్లు కాదు. అదే పథకం వల్ల సీట్లు దొరకడం లేదన్నవాళ్లున్నారు, గిరాకీ పడిపోయిందని ఆటో డ్రైవర్లు రోడ్డెక్కారు. వాళ్ల బాధా నిజమే. ఒకరి కదలిక పెరిగినచోట ఇంకొకరి బతుకుబండి ఆగింది. రాకపోకల్లో న్యాయం అని షెల్లర్ తర్వాత మాట్లాడింది ఇట్లాంటి పేచీల గురించే.

అదే 163వ నంబరు జాతీయ రహదారి మీద ఇంకొంచెం ముందుకు పోతే అడవి మొదలవుతుంది. అక్కడ గుత్తికోయల గూడేలున్నాయి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు ఎదురుగా నడిచిన సల్వాజుడుం కాలపు హింసకు ఊళ్లు వదిలి నడుచుకుంటూ గోదావరి దాటి వచ్చినవాళ్లు. వాళ్లూ తమ రోజువారీ పరిసరాలు దాటారు. కానీ వాళ్లను ఏ పర్యాటక పద్దూ లెక్కపెట్టదు. అడవిలో వేసుకున్న గుడిసెకు పట్టా లేదు, ఇక్కడ గిరిజనులుగా గుర్తింపు దొరకడం కష్టం, అటవీశాఖ ఎప్పుడు ఖాళీ చేయమంటుందోనన్న టెన్షన్. అదే అడవిలో రాత్రి బసకు కాటేజీ బుక్ చేసుకునేవాళ్లకు ప్రకటనలుంటాయి. ఒకే చెట్ల నీడలో ఒకరి బస విహారం, ఇంకొకరి బస ఆక్రమణ. పర్యాటకాన్ని విడిగా చూసే పరిశోధనకు ఈ రెండూ ఒక్క చిత్రంలో దొరకవు.

వేగమే మేలని కూడా అనుకోనక్కర్లేదు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో జరిగే గోండుల నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు గోదావరి జలం కోసం జన్నారం వైపు హస్తినమడుగుకు కాలినడకన పోయి వస్తారు. రోడ్డుంది, బండ్లున్నాయి. అయినా నడుస్తారు, ఎందుకంటే దారిలోని ఊళ్లలో ఆగడం, చుట్టాలను కలవడం, నేలను పాదంతో తాకడం, ఇవన్నీ కలిస్తేనే ఆ జలం జాతరకు పనికొస్తుంది. ప్రయాణ సమయాన్ని నష్టంగా లెక్కగట్టే రవాణా సూత్రం ఇక్కడ నిలబడదు.

కోటలో ఇల్లు

వారసత్వం పక్కన బతికేవాళ్ల కష్టం బయటికి తక్కువ కనిపిస్తుంది. ఖిలా వరంగల్ అనగానే అందరికీ కీర్తి తోరణాలు గుర్తొస్తాయి. తూర్పు కోట, మధ్య కోట, పడమర కోట అని ఆ గోడల లోపల మనుషులున్నారు, పొలాలున్నాయి, బడులున్నాయి. రక్షిత కట్టడం నుంచి మొదటి 100 మీటర్లు కొత్త నిర్మాణానికి నిషేధిత ప్రాంతం, ఆ తర్వాతి 200 మీటర్లు అనుమతి మీదే కట్టాల్సిన ప్రాంతం అని 2010 సవరణతో చట్టం గట్టిపడింది. కొడుకు పెళ్లికి ముందు పైన ఒక గది వేసుకుందామన్నా కాగితాలు పెట్టుకుని ఎదురుచూడాలి.

చట్టం లేకపోతే ఏమయ్యేదో చూడటానికి దూరం పోనక్కర్లేదు. రక్షణ లేని ఎన్నో కాకతీయ కట్టడాలు, త్రికూటాలయాలు పొలాల్లో, ఇళ్ల మధ్య రాయి రాయి ఊడిపోతున్నాయి. కాబట్టి నిబంధన అనవసరమని కాదు. రామప్పకు ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినప్పుడు కూడా గుడితో పాటు చుట్టూ రక్షణ వలయం గీశారు. గుడి పొందే ప్రతి మెచ్చుకోలుకూ ఆ గుడి ఉన్న పాలంపేటలో ఎవరో ఒకరు తన గోడ ఎత్తు తగ్గించుకుంటున్నారు. ఆ తగ్గించుకున్నదానికి బదులుగా వాళ్లకు ఏం దక్కిందని లెక్కపెట్టడం పరిశోధకులు చేయాల్సిన పని. ఇక్కడ అది ఇంకా చాలా మిగిలి ఉంది.

ఎంత జనాన్ని ఆ చోటు మోయగలదు

'మోయగల సామర్థ్యం' అన్నది పశువుల మేత లెక్క నుంచి పర్యాటకంలోకి వచ్చిన మాట. ఈ బీడు ఎన్ని ఆవులను మేపగలదు అన్నట్టు, ఈ చోటు ఎంతమందిని తట్టుకోగలదు అని. దీనికి ఒకే అంకె ఉండదు. స్థలం వైపు నుంచి ఒకటి, నీళ్లు, అడవి వైపు నుంచి ఒకటి, మనుషుల ఓపిక వైపు నుంచి ఇంకొకటి.

మేడారంలో నీళ్లనే చూడండి. జంపన్న వాగులో స్నానాలకు సరిపడా నీళ్లుండాలని లక్నవరం చెరువు నుంచి వదులుతారు. ఆ చెరువు కిందే యాసంగి వరి ఉంటుంది. భక్తుడి మునకకూ రైతు మడికీ ఒకటే నీళ్లు. ఎన్ని రోజులు, ఎంత నీరు వదలాలన్నది ఇంజనీరు తేల్చే సామర్థ్యం లెక్కలా కనిపిస్తుంది కానీ, ఎవరి అవసరం ముందు అనేది అందులోనే దాగి ఉంది.

బుధవారం సారలమ్మ గద్దె చేరుతుంది, గురువారం సమ్మక్క వస్తుంది, శుక్రవారం మొక్కులు, శనివారం అమ్మలు వనప్రవేశం చేస్తారు. ఆదివారం పొద్దున మేడారంలో మిగిలేది బూడిద, ఈకలు, నీళ్ల సీసాలు, తొక్కుడుకు నేలలో కలిసిన బెల్లం వాసన. వాటి మధ్య చీపుర్లు, తట్టలు పట్టుకుని వరుసగా కదిలేవాళ్లు కనిపిస్తారు. పారిశుధ్యం పనికి వేరే జిల్లాల నుంచి, పక్క రాష్ట్రం నుంచి లారీల్లో తెచ్చినవాళ్లు. వాళ్లూ సొంత ఊరు దాటి వచ్చారు. వారం పైగా గుడారంలో పడుకున్నారు. చాలామంది గద్దెల దగ్గర ఒక కొబ్బరికాయ కూడా కొట్టారు. పని చేసి కూలి తీసుకున్నారు కాబట్టి నిర్వచనం ప్రకారం పర్యాటకులు కారు. ఈ ఊరివాళ్లు కాదు కాబట్టి స్థానికులూ కారు. లారీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పకపోవడంతో, మూటలు పక్కన పెట్టుకుని రోడ్డు వారన కూర్చుని ఉంటారు.